తీసినవారి మాట, చూసినవారి పలుకు: హోసూరు, కృష్ణగిరి వైపు నుంచి

1974లో వెలువడిన తమిళచిత్రం 'దిక్కట్ర పార్వతి' తెలుగు విమర్శకుల దృష్టిలో అంతగా పడలేదు. అది తెలుగు చిత్రం కాదు గనుక అందుకు ఎవరినీ తప్పుపట్టనక్కరలేదు. అయితే దానికి దర్శకత్వం వహించిన సింగీతం శ్రీనివాసరావు నెల్లూరు జిల్లా ఉదయగిరిలో పుట్టిన తెలుగువారు. కథ రాజాజీది. చిత్రీకరణ జరిగింది హోసూరు పక్కన, రాజాజీ పుట్టిన తొరపల్లిలో. తాగుడు ఒక పేద సంసారాన్ని ఎట్లా కూల్చిందో చెప్పే కథ అది. 1937లో మద్రాసు ప్రధానమంత్రిగా రాజాజీ మద్యనిషేధాన్ని మొదట అమలుపరచింది ఆనాటి సేలం జిల్లాలోనే. హోసూరు, కృష్ణగిరి అప్పుడు ఆ జిల్లాలోనివే. అంటే కథ పుట్టిన నేలమీదే సినిమా తయారయింది. దానికి ఉత్తమ తమిళచిత్రంగా జాతీయ పురస్కారం కూడా వచ్చింది.

ఈ సంగతి ఇక్కడ ఎత్తుకోవడానికి కారణం ఉంది. ఇంటింటా తెలుగు మాట్లాడే ఊళ్లు ఎన్నో ఉన్న ప్రాంతానికి ఒక తెలుగు దర్శకుడు వచ్చి, ఒక మంచి తమిళచిత్రం తీసి వెళ్లారు. రాజాజీ రాసింది తమిళంలో గనుక అది న్యాయమే. కాని ఈ ప్రాంతపు తెలుగు పలుకును తెరమీద వినడానికి ప్రేక్షకుడు ఆ తరువాత ఎంతకాలం ఆగవలసివచ్చిందన్నది వేరే ప్రశ్న. సినిమా తీసినవారు తమ పనితనాన్ని గురించి ప్రేక్షకులతో పంచుకునే మాటలను ఈ ప్రశ్నతో కలిపి చూడాలన్నది మా ఉద్దేశం.

ముందు కొంత చరిత్ర చెప్పుకోవాలి. 1953లో ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు గాని, 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగినప్పుడు గాని హోసూరు, కృష్ణగిరి తాలూకాలు మద్రాసు వైపే ఉండిపోయాయి. ఆ ప్రాంతం 1965లో సేలం నుంచి విడిపోయి ధర్మపురి జిల్లాలో చేరింది. 2004లో కృష్ణగిరి వేరే జిల్లా అయింది. ఇక్కడొక విచిత్రం ఉంది. రాష్ట్రం విడిపోయినా తెలుగు సినిమా మాత్రం చాలాకాలం మద్రాసును వదలలేదు. 'మాయాబజార్' (1957) తయారైంది మద్రాసులోనే. తెలుగు సినిమాకు, హోసూరు తెలుగువానికి ఒకే రాష్ట్రం చిరునామా అయిన ఆ రోజుల్లో కూడా ఆ సినిమాలో ఈ మనిషి కనిపించలేదు. తరువాత పరిశ్రమ మెల్లమెల్లగా హైదరాబాదుకు తరలిపోయింది. వీరు ఉన్నచోటనే ఉండిపోయారు.

సినిమావారు తమ పనిని గురించి మాట్లాడడం తెలుగువారికి కొత్త కాదు. విజయావారి 'విజయచిత్ర' వంటి పత్రికలు ఆ రోజుల్లో ఆ పని చేశాయి. వాటిలో నటీనటుల ముచ్చట్లతోపాటు స్టూడియోలో పని ఎట్లా సాగుతుందో తెలిపే రచనలు కూడా ఉండేవి. ఆ పత్రికలో చాలాకాలం పనిచేసిన రావి కొండలరావు స్వయంగా నటుడు, రచయిత. అందువల్ల అక్కడ కబురు చెప్పేవానికి పని కూడా తెలుసు. తరువాత వచ్చినవాటిలో ముళ్లపూడి వెంకటరమణ 'కోతికొమ్మచ్చి'ని ప్రత్యేకంగా చెప్పుకోవాలి. స్వాతి వారపత్రికలో ధారావాహికంగా వచ్చి 2009లో పుస్తకమైన ఆ ఆత్మకథలో కథ ఎట్లా అల్లాలో పాఠం లాగా ఎక్కడా ఉండదు. కొమ్మనుంచి కొమ్మకు దూకుతూ పోయే ఆ కథనమే ఆయన సంభాషణారచనకు వ్యాఖ్యానం. ఒక మాటను ఎక్కడ ఆపాలి, ఎక్కడ విరవాలి అన్నది చదువుతూ ఉండగానే పాఠకునికి పట్టుబడుతుంది. సినిమారచన నేర్చుకోదలచినవారికి ఇంతకంటె మంచి పుస్తకం తెలుగులో లేదని మేము అనుకుంటున్నాము. ఈ మాటతో విభేదించేవారు ఉండవచ్చు.

పరుచూరి గోపాలకృష్ణది మరొక దారి. ఆయన సినిమాకు రాకముందు తెలుగు అధ్యాపకులు. తెలుగు సినిమా సాహిత్యంలోని కథ, కథనం, శిల్పం మీద సిద్ధాంతగ్రంథం కూడా రాశారు. యూట్యూబ్‌లో 'పరుచూరి పలుకులు' పేరిట ఆయన చెప్పినవి తరగతి గదిలోని పాఠాల వంటివే. ఒక సినిమా తీసుకొని, పాత్రను ఎక్కడ ప్రవేశపెట్టారు, విశ్రాంతికి ముందు ఏ ముడి వేశారు, ఆ ముడిని చివర ఎట్లా విప్పారు అని విడదీసి చూపిస్తారు. ఒకప్పుడు కోడంబాకంలోని చర్చలగదిలో తలుపులు మూసుకొని జరిగిన పని ఇది. హోసూరులో తెలుగు బడి లేని పిల్లవాడు కూడా ఈ రోజున ఫోనులో దాన్ని వినగలడు. ఇది చిన్న మార్పు కాదు.

సింగీతం చెప్పే జ్ఞాపకాలు ఈ రెండింటికీ భిన్నమైనవి. 'మాయాబజార్'కు ఆయన కె.వి.రెడ్డి దగ్గర సహాయకులు. షూటింగు మొదలు కాకముందే ప్రతి సన్నివేశానికి ఎంత సమయం పడుతుందో స్టాప్‌వాచ్ పట్టుకొని లెక్కకట్టే కె.వి.రెడ్డి పద్ధతిని ఆయన పలుచోట్ల చెప్పారు. వినేవానికి ఇందులో దొరికేది పనితనపు లెక్క. మాటకు నిడివి ఉంటుంది, ఆ నిడివికి ఖర్చు ఉంటుంది, అందువల్ల వృథాగా ఒక్క మాట కూడా ఉండకూడదు. ఈ పాఠం నేర్చిన మనిషే ముప్ఫై ఏళ్ల తరువాత, 1987లో, అసలు సంభాషణలే లేని 'పుష్పక విమానం' తీశారు. ఆ సినిమా చిత్రీకరణ హోసూరుకు కూతవేటు దూరంలోని బెంగుళూరులో జరిగింది. హోసూరు వంటి ఊరికి అంతకంటె తగిన సినిమా లేదేమో. తమిళం, కన్నడం, తెలుగు, ఉర్దూ మాట్లాడేవారు ఒకే బస్సులో ప్రయాణించేచోట ఎవరి భాషా లేని సినిమా అందరిదీ అయింది. ఇది హాస్యానికి అన్నమాటే. మాట లేకపోవడం సమస్యకు పరిష్కారం కాదుగదా.

ఇప్పుడు మా అసలు అభ్యంతరం. ఇంత వివరంగా మాట్లాడే సినిమావారు కథను గురించి చెబుతారు, పాత్రను గురించి, కూర్పును గురించి, పాట చిత్రీకరణను గురించి చెబుతారు. ఆ పాత్ర నోట ఆ పలుకు ఎక్కడనుంచి వచ్చిందన్నది మాత్రం చాలా అరుదుగా చెబుతారు. సంభాషణ అంటే వారి ప్రసంగాల్లో తరచుగా చప్పట్లు పడే వాక్యం అనే అర్థమే స్థిరపడింది. 'వస్తున్నాడు' అనాలా, 'వస్తా ఉండాడు' అనాలా అనే నిర్ణయం కూడా శిల్పానికి సంబంధించినదేనన్న స్పృహ తక్కువ. కృష్ణా, గోదావరి తీరాలవాడు దీన్ని గమనించకపోవచ్చు. తెరమీద వినిపించేది చాలావరకు వాని భాషే గనుక అది వానికి భాషగా కాక గాలిగా తోస్తుంది. హోసూరువానికి అట్లా కాదు. సినిమా మొదలైన మొదటి నిమిషంలోనే అది తన ఇంటి మాట కాదని వానికి తెలుస్తుంది.

ఇందుకు సాంకేతిక కారణం కూడా ఉంది. మన సినిమాలలో చాలాకాలం గొంతును తరువాత స్టూడియోలో చేర్చడమే పద్ధతి. నటించేది ఒకరు, మాట్లాడేది మరొకరు కావడం సర్వసాధారణం. అద్దాల గదిలో నిలబడి, తెరమీది పెదవుల కదలికకు మాటను అతికించే మనిషి స్పష్టతకు ఇచ్చే ప్రాధాన్యం యాసకు ఇవ్వడు. ఏ ప్రాంతపు మనిషి అయినా ఆ గదిలోనుంచి బయటకు వచ్చేసరికి ఒకే నునుపు తేలిన భాష మాట్లాడతాడు. ఆరుబయట, మనిషి మాట్లాడినప్పుడే ఆ ధ్వనిని పట్టుకునే పద్ధతి వ్యాపించిన తరువాతనే ఊళ్ల పలుకులు తెరమీదకు రావడం సులభమైంది. సినిమావారు ప్రేక్షకులకు చెప్పవలసిన పనితనపు సంగతులలో ఇది ముఖ్యమైనది. కెమెరా పేర్లు చెప్పినంత ఉత్సాహంగా దీన్ని చెప్పేవారు మాకు అట్టే తగలలేదు.

దక్షిణపు తెలుగు తెరమీద అసలే వినిపించలేదని కాదు. 'సమరసింహారెడ్డి' (1999), 'నరసింహనాయుడు' (2001), 'ఇంద్ర' (2002) వంటి చిత్రాలతో సీమ ఒక కథావస్తువుగా స్థిరపడింది. ఆ ధోరణి పెరిగినకొద్దీ సీమ పలుకు ఎక్కువగా కత్తి పట్టినవాని నోటనో, నవ్వించడానికి వచ్చినవాని నోటనో వినిపించింది. ప్రేమించేటప్పుడు, బాధపడేటప్పుడు నాయకుడు మళ్లీ నునుపు భాషకే వచ్చేవాడు. 'పుష్ప' (2021) ఇందుకు మినహాయింపు. అందులో నాయకుడు మొదటినుంచి చివరదాకా చిత్తూరు పలుకే పలికాడు, ప్రేక్షకులు దేశమంతటా ఆదరించారు. కాకపోతే ఆ పలుకు పలికినవాడు అక్కడ కూడా దొంగరవాణా చేసేవాడే. ఏ తగాదా లేని మనిషి, ఆటో నడుపుకునేవాడో, కూరగాయలు అమ్ముకునే ఆమో, ఈ పలుకుతో ఒక సినిమాను మోయగలరా అన్న సందేహం మిగిలే ఉండింది.

ఆ సందేహాన్ని అదే ఏడు వచ్చిన ఒక చిన్న సినిమా తీర్చింది. అది 2021 మేలో నెట్‌ఫ్లిక్స్‌లో విడుదలైన 'సినిమా బండి'. దర్శకుడు ప్రవీణ్ కండ్రేగుల, రచయిత వసంత్ మరింగంటి. నిర్మాతలు రాజ్, డీకే తిరుపతి, చిత్తూరు వైపువారు. ఆంధ్ర కర్ణాటక సరిహద్దులోని పల్లె కథ ఇది. చిత్రీకరణ కోలారు జిల్లా ముళబాగిలు దగ్గర జరిగింది. ముళబాగిలు కృష్ణగిరికి ఉత్తరాన రెండు మూడు గంటల ప్రయాణం. కోలారు, హోసూరు, కృష్ణగిరి, మదనపల్లె వైపులను కలిపి మొరసునాడు అని పిలుచుకునే నేల ఇది. మూడు రాష్ట్రాలుగా చీలినా పలుకు మాత్రం పెద్దగా చీలలేదు.

కథ చిన్నది. వీరబాబు అనే ఆటో డ్రైవరుకు తన ఆటోలో ఎవరో మరచిపోయిన ఖరీదైన కెమెరా దొరుకుతుంది. దానితో సినిమా తీసి, ఆ డబ్బుతో ఊరిని బాగుచేయాలని అతని ఆశ. పెళ్లిళ్లకు ఫోటోలు తీసే గణ ఛాయాగ్రాహకుడవుతాడు. మంగలి పని చేసే మరిడేశు నాయకుడవుతాడు. మొదట అనుకున్న అమ్మాయి ఊరు విడిచి వెళ్లిపోతే, కూరగాయలమ్మే మంగ నాయిక అవుతుంది. ఒక చిన్నపిల్లవాడు పక్కన నిలబడి, ముందు షాటులో నాయకుని ఒంటిమీద ఉన్నదేమిటి, ఇప్పుడు ఉన్నదేమిటి అని తప్పులు పడతాడు. మాకు ఈ సినిమాలో అన్నిటికంటె నచ్చింది ఆ పిల్లవాడే. ఒక షాటుకూ మరొక షాటుకూ మధ్య ఉండవలసిన పొందికను చిత్రనిర్మాణ పాఠశాలల్లో ఒక శాస్త్రంగా బోధిస్తారు. ఇక్కడ అది ఎవరూ చెప్పకుండానే, కేవలం శ్రద్ధగా చూసే గుణంవల్ల ఒక పల్లె పిల్లవానికి తెలిసింది. ప్రేక్షకునికి పనితనం నేర్పడమంటే వానికి తెలియనిది బయటినుంచి తెచ్చి పోయడం కాదనీ, చూసి చూసి వానికి ముందే తెలిసినదానికి పేరు పెట్టడమేననీ ఈ ఒక్క పాత్రతో సినిమా చెప్పగలిగింది. గంటసేపు ఉపన్యసించినా ఇంత పని జరగదు.

ఇందులో ఎవరూ యాసను ప్రదర్శించరు. 'ఉండాది', 'యాడికి', 'ఎట్ల' అన్నవి నవ్వుకోసం పెట్టినవి కావు. అలుగుటకు, బతిమాలుటకు, ఆశపడుటకు, దేనికైనా ఆ మనుషులకు ఉన్న భాష అదొక్కటే. నవ్వు వచ్చేచోట అది పరిస్థితినుంచి వస్తుంది. లోపాలు లేవని కాదు. కెమెరా పోగొట్టుకున్న అమ్మాయి కథ పక్కన నడిచినంతసేపు సినిమా పలచబడుతుంది. ఊరివారి అమాయకత్వాన్ని మరీ ముద్దుచేసిన సందర్భాలు ఒకటి రెండు ఉన్నాయి. పట్నపు ప్రేక్షకునికి కన్నుగీటినట్లు ఉంటుంది అక్కడ. ఊరికి వాన లేదు, పనిలేక మనుషులు వెళ్లిపోతున్నారు అన్న గట్టి వస్తువును మొదట ముట్టుకొని, తరువాత వదిలేశారనికూడా మా ఫిర్యాదు. అయినా చివర ఆ ఊరివారు తాము తీసిన సినిమాను తామే చూసుకునే సన్నివేశంలో ఈ లోపాలు మరుపునకు వస్తాయి.

ఇటువంటి పని అంతకుముందే 'కేరాఫ్ కంచరపాలెం' (2018) విశాఖపట్నానికి చేసిపెట్టింది. వెంకటేశ్ మహా ఆ పేటవారినే ఎక్కువమందిని నటులుగా తీసుకున్నారు. 2023లో వేణు యెల్దండి 'బలగం' తెలంగాణ పల్లెకు అదే చేసింది. ఈ రెండు ప్రాంతాలకూ తమ రాష్ట్రం, తమ బడి, తమ పత్రిక ఉన్నాయి. సినిమా వచ్చినా రాకపోయినా వారి తెలుగు ఎక్కడికీ పోదు. సరిహద్దు ఇవతల పరిస్థితి అది కాదు.

తమిళనాడులో 2006లో వచ్చిన చట్టం ఒకటవ తరగతినుంచి తమిళాన్ని క్రమంగా తప్పనిసరి చేస్తూ వచ్చి, 2016 నాటికి పదవ తరగతి పరీక్షకు చేరింది. తెలుగు, కన్నడం, ఉర్దూ చదివే పిల్లలు మినహాయింపులకోసం న్యాయస్థానాల దాకా వెళ్లవలసివచ్చింది. రాష్ట్రభాష నేర్చుకోవడం మంచిదే, దాన్ని మేము కాదనడం లేదు. దాని వెంబడి జరుగుతున్నది ఏమిటంటే, ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, తెలుగు అక్షరం రాని తరం ఒకటి తయారవుతున్నది. ఈ ప్రాంతపు రచయితలు తమ పలుకులోనే కథలు రాశారు. 'మొరసునాడు కథలు' వంటి సంకలనాలు వెలువడ్డాయి. సాహిత్యపరంగా అవి ఎంతో విలువైనవి. కాని ఆ కథలు ఎవరి బతుకును గురించినవో, వారి పిల్లలే వాటిని చదవలేరు. వినగలరు, చూడగలరు. అందువల్ల వేరేచోట వినోదంగా, లేదా వ్యాపారంగా చర్చించే సినిమా ఇక్కడ వాచకం చేయవలసిన పనిలో కొంత చేయవలసివస్తున్నది. సినిమా ఆ బరువు మోయగలదా అంటే, పూర్తిగా మోయలేదు. అయినా ఉన్నది అదే.

కనుక సినిమావారు ఇటువైపు వచ్చి మాట్లాడదలిస్తే, లేక ఎక్కడో మాట్లాడిన మాట ఇటువైపు చేరితే, మా అపేక్ష ఒకటే. విశ్రాంతికి ముందు ముడి ఎట్లా వేయాలో చెప్పండి, మంచిదే. దానితోపాటు ఒక్క సన్నివేశం తీసుకొని, కాగితంమీద మొదట రాసిన మాట ఏమిటి, ఊరిలో విన్న మాట ఏమిటి, నటునిచేత పలికించేటప్పుడు ఏది నిలిచింది, ఏది జారిపోయింది, డబ్బింగులో ఏమైంది, పంపిణీదారుడు ఎవరికీ అర్థం కాదంటే ఏమని జవాబు చెప్పారు, ఇది చెప్పండి. ఒక్క 'ఉండాది'ని చివరిదాకా కాపాడడానికి పడిన పాట్లు చెబితే, వినే పిల్లవానికి రెండు సంగతులు ఒకేసారి తెలుస్తాయి. సినిమా ఎట్లా తీస్తారన్నది ఒకటి. తన మాట కాపాడదగినదేనన్నది రెండవది. మొదటిదాన్ని ఇప్పుడు చాలామంది చెబుతున్నారు.

'సినిమా బండి'ని మేము రెండవసారి చూసింది హోసూరు తాలూకాలోని ఒక పల్లెలో, తెలిసినవారి ఇంట. ముందు వరుసలో తమిళ బడిలో చదివే ఇద్దరు మనుమలు, గోడకు ఆనుకొని వారి అవ్వ. తెరమీద తెలుగులో పేర్లు పడుతుంటే పిల్లలు చదవలేక ఊరుకున్నారు. మాటలు మొదలైన తరువాత మాత్రం వారికి ఎవరూ ఏమీ విడమరచవలసిన అవసరం రాలేదు. సగంలో అవ్వ అడిగింది, ఆ ఆటో తోలే పిల్లోడు మన పక్కూరోడా అని. కాదవ్వా, నటుడు, అక్కడివాడు కాదు అన్నాము. ఆమె కాసేపు ఊరకుండి, "అట్లయితే ఈ మాట యాడ నేర్చినాడో అడగండప్పా" అన్నది.